చేయి తిరగని వాళ్లు
(నరసాపురంలో చేసిన స్మారక ఉపన్యాస పాఠం)



ఆహ్వానపత్రికలో మాస్టారి పేరు ఇంటిపేరుతో సహా వేశారు. నేను మాత్రం ఈ సాయంత్రం ఆయన్ని మాస్టారనే అంటాను. ముప్పై ఏళ్లుగా అలాగే పిలిచాను, పేరు పెట్టి చెప్పడానికి నోరు రాదు. ఎనిమిదిలోనూ తొమ్మిదిలోనూ ఆయన మాకు తెలుగు చెప్పారు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన పిల్లలు కలిసి ఒక స్మారక నిధి ఏర్పాటు చేసి, మొదటి ఉపన్యాసం నన్ను చెయ్యమన్నారు. "మీకు నచ్చిన విషయం మీద మాట్లాడండమ్మా, నాన్నగారుంటే అదే అనేవారు" అన్నారు వారి పెద్దబ్బాయి. నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి పద్యం మీద మాట్లాడితే బాగుండేదని కొందరికి అనిపించవచ్చు. కానీ మాస్టారు నాకు చేసిన మేలు పద్యం దగ్గర ఆగలేదు. అందుకని నా చేతుల గురించి మాట్లాడతాను.

మూడేళ్ల కిందట, నలభై ఒకటో ఏట, నాకు డిస్‌ప్రాక్సియా ఉందని నిర్ధారణ అయింది. ఆ మాట మీలో చాలామంది ఇప్పుడే వింటూ ఉండవచ్చు. నేను విన్నది కూడా అప్పటికి కొద్ది నెలల ముందే. అయితే ఆ మాటకు వెనక ఉన్న సంగతి నాకు ఐదో ఏటి నుంచీ తెలుసు. అది ఈ ఊరి అరుగుల మీదే తెలిసింది.

లేసు గురించి నరసాపురం వాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. 19వ శతాబ్దంలో మిషనరీల వెంట వచ్చిన ఆ అల్లిక ఇక్కడా పాలకొల్లు చుట్టుపక్కలా ఇంటింటి పని అయింది. 2024లో మన లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి, అల్లే ఆడవాళ్లతో కూర్చుని, వాళ్ల మీద రాసిన పుస్తకం 1982లో అచ్చయింది. ఆవిడ పట్టుకున్న అసలు విషయం ఇది: రోజుకు అన్నేసి గంటలు అల్లినా దాన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టలేదు. ఇంట్లో ఆడది ఖాళీగా కూర్చోకుండా చేసుకునే కాలక్షేపం అన్నారు, కూలి కూడా ఆ లెక్కనే ఇచ్చారు. ఆ పుస్తకం చదివినప్పుడు నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. అల్లిక ఆడపిల్లకు పుట్టుకతో వచ్చేదని, ఊపిరి పీల్చినంత తేలికని అందరూ అనుకునే చోట, అది రాని పిల్ల సంగతేమిటి? అందరికీ ఊరికే వచ్చేది ఆ పిల్లకు రాకపోతే లోపం చేతుల్లో ఉందని ఎవరూ అనుకోరు. బుద్ధిలో ఉందంటారు, పొగరంటారు, పని తప్పించుకునే వేషమంటారు.

మా అమ్మ ఏజెంటు దగ్గర దారం తెచ్చుకుని పువ్వులు అల్లేది. అతుకుపని మా పిన్ని చేసేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద కూర్చోబెట్టి అమ్మ నాకు నేర్పేది. దారం ఎడమ చూపుడు వేలి మీదుగా రావాలి, చిటికెన వేలి దగ్గర కాస్త ఆగాలి, కుడిచేతి కొక్కెం దాన్ని అందుకుని ముడిలోంచి లాక్కురావాలి. దారం వదులైతే ముడి జారిపోతుంది. బిగిస్తే కొక్కెం దూరదు. ఆ రెండింటికీ మధ్య ఉండే బిగువు మా అమ్మ వేలికి తెలుసు. ఎలా తెలుసో ఆవిడకు తెలియదు, ఎప్పుడూ ఆలోచించి ఉండదు కూడా. నా వేలికి అది తెలిసేది కాదు. పక్కన మా చెల్లి ఆరేళ్లకే జానెడు గొలుసు వేసేసింది. నాకు పదకొండేళ్లు వచ్చినా ముడి వెయ్యడం, ఊడదియ్యడం, మళ్లీ వెయ్యడం. తెల్లగా మల్లెపువ్వులా తెచ్చిన దారం సాయంత్రానికి నా చెమటకి మసిగుడ్డ రంగుకు తిరిగేది. మురికైన దారం ఏజెంటు తీసుకోడు. ఆ నష్టం మా అమ్మ కూలిలోంచి పోయేది. ఆవిడ కొక్కెం తిరగేసి నా వేలి కణుపుల మీద కొట్టేది. ఇది అమ్మ మీద ఫిర్యాదుగా చెప్పడం లేదు. ఈ సంగతి చెప్పడానికి ఆవిడే ఒప్పుకుంది, అదిగో రెండో వరసలో కూర్చుంది.

మన భాషలో "చేయి తిరగడం" అని ఒక మాట ఉంది. చేయి తిరిగిన వంటవాడు, చేయి తిరిగిన కంసాలి అంటాం. ఈ విషయం మీద నేను చదివిన శాస్త్రమంతా ఆ రెండు మాటల చుట్టూనే తిరుగుతోందని నాకు తర్వాత అర్థమైంది. ఏ పనైనా మొదట్లో ఆలోచించి చేస్తాం. సైకిలు తొక్కడం, జడ అల్లడం, అక్షరాలు దిద్దడం, అన్నీ. పదిసార్లు, వందసార్లు చేసేసరికి ఆలోచన పక్కకు తప్పుకుంటుంది, చేయి దానంతటదే తిరుగుతుంది. డిస్‌ప్రాక్సియా ఉన్నవాళ్లలో ఆ తిరగడం దగ్గరే చిక్కు. కండరం బాగానే ఉంటుంది. కన్ను, చెవి, తెలివి అన్నీ బాగానే ఉంటాయి. కానీ వందోసారి కూడా మొదటిసారి చేసినట్టే ఆలోచించి చెయ్యాలి. చెయ్యి కదలడానికి ముందే ఆ కదలిక ఎలా ఉండబోతోందో మెదడు లోపల ఒక నమూనా వేసుకుంటుందట. అది సరిగ్గా కుదరకపోవడం వల్లనే ఈ తడబాటని పరిశోధకుల్లో గట్టిగా వినిపించే ఒక ప్రతిపాదన. మా అమ్మ వేలికి తెలిసిన ఆ బిగువు బహుశా అలాంటి నమూనాయే.

డిస్‌ప్రాక్సియా గ్రీకు మాట. ప్రాక్సిస్ అంటే చేత. మన "చేతకానితనం"లో ఉన్నదీ ఆ చేతే. పాశ్చాత్యుల దగ్గర ఆ మాట వైద్యుడి నోట్లో పడింది, మన దగ్గర తిట్టు అయింది. వాళ్ల దగ్గర కూడా అంత తొందరగా ఏమీ పడలేదు లెండి. 1900లో బెర్లిన్‌లో హ్యూగో లీప్‌మన్ అనే వైద్యుడు, చేతిలో బలం ఉండి, చెప్పింది అర్థమవుతూ ఉండి కూడా అడిగిన పని చేతితో చెయ్యలేకపోతున్న ఒక రోగి గురించి రాశాడు. దానికి అప్రాక్సియా అన్నారు. అది పెద్దవాళ్లలో మెదడు దెబ్బతిన్నాక వచ్చేది. ఏ దెబ్బా తగలకుండా చిన్నప్పటి నుంచీ ఇలా ఉండే పిల్లల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్ 1962లో సంపాదకీయం రాసింది. 1975లో గబ్బే అనే ఆస్ట్రేలియా వైద్యుడు ఒక పుస్తకమే వేశాడు. రెండు చోట్లా వాడిన పేరు "మొద్దు చేతుల పిల్లలు" అనే అర్థం వచ్చేదే. 1987లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథంలో దీనికి డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అని పేరు పెట్టారు. 1994లో కెనడాలోని లండన్ అనే ఊళ్లో నిపుణులంతా కూర్చుని ఆ పేరే వాడుకుందామనుకున్నారు. బడి వయసు పిల్లల్లో నూటికి ఐదారుగురికి ఇది ఉంటుందని ఆ గ్రంథం 2013 కూర్పు చెబుతుంది. మాస్టారి తరగతిలో మేం యాభై మందిమి ఉండేవాళ్లం. ఆ లెక్కన ప్రతి తరగతిలో ఇద్దరో ముగ్గురో ఉండాలి. ఈ అంకె కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

పిల్లలు పెద్దవాళ్లవుతారు. వాళ్లలో సగానికి పైగా మందిలో ఈ తడబాటు కూడా వాళ్లతోపాటు పెద్దదవుతుంది.

సఖినేటిపల్లి రేవుకు నది దాటించే పంటు మీకందరికీ తెలుసు. పలక దించుతారు. నీళ్లను బట్టి అది ఒక రోజు ఎక్కువ వాలుగా, ఒక రోజు తక్కువ వాలుగా ఉంటుంది. జనం కబుర్లు చెప్పుకుంటూ, సంచులు మోసుకుంటూ, మోటారు సైకిళ్లు నెట్టుకుంటూ ఎక్కేస్తారు. కాళ్ల వంక ఎవరూ చూసుకోరు. అంతర్వేది వెళ్లిన ప్రతిసారీ నేను ఆ పలక ముందు ఆగిపోయేదాన్ని. ఏ కాలు ముందు వెయ్యాలి, ఎంత ఎత్తాలి, సంచి ఏ భుజానికి మార్చుకోవాలి అని లోపల లెక్క నడిచేది. వెనకనుంచి "కదలమ్మా, కదలండీ" అని కేకలు. కేక వినపడితే లెక్క చెదిరిపోయేది. ఇరవై రెండో ఏట పెళ్లి చూపులకు కుచ్చిళ్లు మా పిన్ని పెట్టింది. కాఫీ గ్లాసులు మాత్రం ఎవరూ నా చేతికివ్వలేదు, మా ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి. ఉద్యోగంలో చేరాక బోర్డు మీద రాత పెద్ద సమస్య అయింది. పాఠం బాగా చెబుతుంది, బోర్డు మీద మాత్రం కోడి కెలికినట్టు రాస్తుందని పైవాళ్లకు చెప్పారు. నిర్లక్ష్యమని కాగితం మీద రాసి ఇచ్చారు. నేనూ నిజమేననుకుని సంతకం పెట్టాను. ఆ సంతకం కూడా ఒకసారి వేసినట్టు ఇంకోసారి ఉండదు. బ్యాంకులో దానికోసం ఎన్నిసార్లు నిలబడ్డానో చెప్పలేను.

ఇదంతా విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ చిన్నదే. ఎవరి చేతిలోంచి గ్లాసు జారదు? కానీ నలభై ఏళ్లు ప్రతి రోజూ, ప్రతి మెట్టు దగ్గరా, ప్రతి గుండీ దగ్గరా ఇదే అయితే మనిషి ఒక నిర్ణయానికి వచ్చేస్తుంది. నాకు శ్రద్ధ లేదు, నేను ఎందుకూ పనికిరాను అని. ఈ తడబాటుతో పెరిగినవాళ్లలో ఆందోళన, దిగులు ఎక్కువగా కనిపిస్తాయని వైద్యులు గమనించారు. అవి ఎక్కడినుంచి వస్తాయో నాకు వివరంగా తెలుసు.

హైదరాబాదులో ఉండే మా చెల్లి కొడుక్కి అప్పుడు ఎనిమిదేళ్లు. రాత సరిగా లేదని బడిలో చూపించమన్నారు. పరీక్షలకు ముందు తల్లిదండ్రులు నింపాల్సిన ప్రశ్నల కాగితం ఇచ్చారు. రాత్రి పదింటికి చెల్లి నాకు ఫోను చేసింది. "అక్కా, ఈ కాగితంలో ఉన్నదంతా నువ్వేనే" అంది. ఒక్కొక్క ప్రశ్నా చదివింది. బంతి పట్టుకోగలడా, గుండీలు పెట్టుకోగలడా, అన్నం కింద పోసుకోకుండా తింటాడా, కొత్త ఆట నేర్చుకోవడానికి తోటివాళ్ల కంటే ఎక్కువ కాలం పడుతోందా? నేను ఇవతల ఏమీ మాట్లాడలేకపోయాను. పిల్లల ద్వారా పెద్దవాళ్లకు తెలియడం ఈ విషయంలో చాలా మామూలు అని తర్వాత తెలిసింది.

అక్కడినుంచి నిర్ధారణకు పద్నాలుగు నెలలు పట్టింది. మొదట చూపించుకున్న చోట నరాల బలహీనతని చెప్పి బి12 మాత్రలు రాశారు. రెండో చోట మెదడు స్కానింగు తీయించారు. అంతా బాగుంది, ఏ జబ్బూ లేదు, వెళ్లమన్నారు. జబ్బు లేదన్న మాటకు ఎవరైనా సంతోషిస్తారు, నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మూడో చోట ఆందోళనకు మందులిచ్చారు. అవి కొంత పనిచేశాయి, అది ఒప్పుకోవాలి. తర్వాత పిల్లల ఎదుగుదల చూసే ఒక కేంద్రానికి వెళ్లాను. కౌంటరు దగ్గర అమ్మాయి బాబును తీసుకురాలేదా అని అడిగింది. చూపించుకోవలసింది నేనేనంటే, పద్దెనిమిది దాటినవాళ్లకు ఇక్కడ ఫైలు తెరవరండీ అంది పాపం, చాలా మర్యాదగా.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నేను చెప్పేది చిన్నప్పటి నుంచీ ఉన్న తడబాటు. నిన్నటిదాకా బాగా పనిచేసిన చేయి ఇవాళ కప్పు వదిలేస్తోందంటే, రాత ఉన్నట్టుండి చిన్నదైపోతోందంటే, నడక మారిందంటే అది వేరే సంగతి. పక్షవాతం కావచ్చు, పార్కిన్సన్స్ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, నిజంగానే బి12 లోపం కావచ్చు. అలాంటివాళ్లు నా ఉపన్యాసం విని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే నరాల డాక్టరుకు చూపించుకోవాలి. నన్ను మొదట చూసిన డాక్టర్లు స్కానింగు తీయించడంలో తప్పేమీ లేదు. అవి కావని తేలాకే ఇది అవునో కాదో చూడాలి.

చివరికి హైదరాబాదులోనే ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు, ఒక మానసిక నిపుణురాలు కలిసి చూశారు. మన పట్టణాల్లో ఫిజియోథెరపీ బోర్డు ప్రతి వీధిలోనూ కనిపిస్తుంది. ఆక్యుపేషనల్ థెరపీ బోర్డు కోసం వెతుక్కోవాలి. 1950లోనే బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ ఈ చదువుకు బడి పెట్టారు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ చదువు మన డెల్టా ఊళ్లకు అంతంత మాత్రంగానే చేరింది.

రెండు రోజులు పరీక్షలు చేశారు. మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడవమన్నారు. ఒంటికాలి మీద నిలబడమన్నారు. రెండు గీతల మధ్య గీతలకు తగలకుండా పెన్ను పోనివ్వమన్నారు. చిన్న మేకుల్ని కన్నాల్లో పెట్టమన్నారు, గడియారం పెట్టి చూశారు. ఒకే పేరాను ఐదు నిమిషాలు రాయించి, మొదటి నిమిషం రాతనీ ఐదో నిమిషం రాతనీ పక్కపక్కన పెట్టారు. ఈ పరీక్షల్లో చాలావరకు పిల్లల కోసం, పాతికేళ్ల లోపువాళ్ల కోసం తయారైనవి. నలభై ఏళ్ల మనిషిని కొలవడానికి సరైన కొలబద్ద చేతిలో లేదని వాళ్లే ముందుగా చెప్పారు. 2010 ప్రాంతంలో బ్రిటన్, ఇజ్రాయెల్ పరిశోధకులు కలిసి పెద్దవాళ్ల కోసం ఒక ప్రశ్నావళి తయారుచేశారు. దాన్ని కూడా నింపించారు. అందులో ఒక భాగం మొత్తం చిన్నతనం గురించే.

అసలు చిక్కు అక్కడుంది. డిస్‌ప్రాక్సియా అనడానికి నాలుగు షరతులున్నాయి. చేతలు వయసుకు తగ్గట్టు ఉండకపోవడం, దానివల్ల రోజువారీ బతుక్కు, చదువుకు అడ్డం రావడం, వేరే జబ్బుతోనో చూపు లోపంతోనో తెలివి లోపంతోనో దాన్ని వివరించలేకపోవడం, ఇవి మూడూ ఇవాళ పరీక్ష చేసి చెప్పవచ్చు. నాలుగోది, ఇది చిన్నప్పుడే మొదలై ఉండాలి. దానికి రుజువు ఎక్కడినుంచి తేవాలి? ఇతర దేశాల్లో బడి నివేదికలు, ఆసుపత్రి కాగితాలు దాచుకుని ఉంటారట, పట్టుకెళ్తారట. మా ఇంట్లో నా చిన్నప్పటి కాగితాల్లో కొన్ని 1986 గోదావరి వరదలో పోయాయి, మిగతావి చెదలు తిన్నాయి. పదో తరగతి మార్కుల జాబితా తప్ప ఏమీ లేదు. అందులో చేతుల గురించి ఏమీ రాయరు. మాలాంటివాళ్లకు మనుషులే కాగితాలు.

థెరపిస్టు మా అమ్మకు ఫోను చేసింది. పది నిమిషాలు అనుకున్నది నలభై నిమిషాలు సాగింది. నేను పక్క గదిలోంచి వింటున్నాను. నేను ఎన్నో నెలలో నడిచానో అమ్మ చెప్పింది. జోళ్లు ఎడమదీ కుడిదీ మార్చి వేసుకోవడం ఏ తరగతి దాకా సాగిందో చెప్పింది. గుండీలకు బదులు హుక్కులు కుట్టించిన సంగతి, సంక్రాంతికి నన్ను ముగ్గు దగ్గరికి రానివ్వని సంగతి చెప్పింది. ఒక్క తేదీ కూడా తడుముకోలేదు. చివర్న ఆవిడ గొంతు మారింది. "కొట్టేనండి దాన్ని. లేసు రాలేదని కొట్టేను. అది కావాలని చెయ్యట్లేదని మాకెవరూ చెప్పలేదండి" అంది. ఆ తర్వాత వారం రోజులు అమ్మ సరిగా అన్నం తినలేదు. నిర్ధారణ ఒక్క మనిషికే జరగదు. నా చిన్నతనంతో పాటు ఆవిడ తల్లితనాన్ని కూడా మళ్లీ తూకం వేసినట్టయింది, అది నేను ముందుగా ఊహించలేదు. ఆవిడకు అప్పుడు చెప్పిన మాటే ఇప్పుడూ అందరిముందూ చెబుతున్నాను. అమ్మా, ఆ రోజుల్లో ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు. డాక్టర్లకే సరిగా తెలియదు.

ఇప్పుడు చట్టానికి మాత్రం తెలుసు. ఇది నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వని సంగతి. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 ఉన్నాయి. దాని షెడ్యూలులో ప్రత్యేక అభ్యసన వైకల్యాలు అన్నచోట డిస్‌లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్‌కాల్కులియా పక్కనే డిస్‌ప్రాక్సియా అని అక్షరాలా రాసి ఉంది. ఆ పంక్తి చూసిన రోజు చాలాసేపు ఆ పేజీ మీదే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఈ దేశపు పార్లమెంటు నా చేతులకు ఒక పేరు పెట్టింది.

పేరు పెట్టింది కానీ ఎలా కొలవాలో చెప్పలేదు. ఆ నిర్వచనం మొత్తం భాష చుట్టూ తిరుగుతుంది: చదవడం, రాయడం, లెక్క కట్టడం. 2018 జనవరిలో వచ్చిన మార్గదర్శకాలు ఈ వైకల్యాలకు ముందు తెలివి పరీక్ష, తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ తయారుచేసిన పరీక్షలు చెయ్యమన్నాయి. అవి మంచి పరీక్షలే, కానీ బడి పిల్లల చదువు, రాత, లెక్కల కోసం పుట్టినవి. చదవడంలో తడబడని, లెక్క తప్పని, చేతులు మాత్రం మాట వినని నలభై ఏళ్ల మనిషి అందులో ఎక్కడ ఇమడాలి? 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బడికి వచ్చి పిల్లల ఎదుగుదల లోపాలు చూస్తారు. అది మంచి పథకం, పద్దెనిమిది ఏళ్లకు ఆగిపోతుంది. అప్పటికే పద్దెనిమిది దాటేసిన మా తరం మొత్తం చట్టంలో ఉండి, కొలతలో లేకుండా మిగిలిపోయింది.

ధైర్యమిచ్చిన సంగతి ఒకటుంది. వికాస్ కుమార్ అనే యువ వైద్యుడికి రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే జబ్బు. సివిల్స్ పరీక్షకు వేరేవారి చేత రాయించుకోనివ్వమని అడిగితే, నలభై శాతం వైకల్యం లేదు కాబట్టి కుదరదన్నారు. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు, నలభై శాతం అనేది రిజర్వేషన్లకు పెట్టిన గీత, రాయడానికి సాయం అడిగే హక్కుకు ఆ గీత అడ్డు కాదని తీర్పిచ్చింది. ఆ తీర్పు వెంట 2022 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఆయన జబ్బు వేరు, నాది వేరు. కానీ ఆ తీర్పు చదువుతుంటే నాకు కోర్టు గుర్తు రాలేదు. 1994లో మా ఎనిమిదో తరగతి గది గుర్తొచ్చింది.

ఆ ఏడాది యూనిట్ పరీక్షలో మాస్టారు నా జవాబు పత్రం దిద్దకుండా పక్కన పెట్టారు. అందరికీ పేపర్లు పంచాక నన్ను స్టాఫు రూముకు పిలిచారు. దెబ్బలు తప్పవనుకుని అరచేతులు లంగాకు తుడుచుకుంటూ వెళ్లాను. ఆయన నా పేపరు మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పరిచి ఉంచారు. మొదటి పేజీలో మొదటి రెండు పంక్తులు కాస్త గుండ్రంగా ఉన్నాయి. చివరి పేజీలో అక్షరాలు గీతలు దాటి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. "చూడమ్మా, నీకు జవాబు తెలుసు. నీ చెయ్యి అలిసిపోతోంది" అన్నారు. అంతే. మర్నాడు నా పక్కన కూర్చునే అమ్మాయిని పిలిచి, ఇకమీద యూనిట్ పరీక్షల్లో నేను చెబుతుంటే రాయమన్నారు. పద్యాలు అప్పజెప్పించుకుని మార్కులు వేశారు. పబ్లిక్ పరీక్షలో ఆయన చెయ్యగలిగింది లేదు. అక్కడ నేను రాసుకున్నాను, అత్తెసరు మార్కులతో బయటపడ్డాను. హైదరాబాదులో థెరపిస్టు మొదటి నిమిషం రాతనీ ఐదో నిమిషం రాతనీ పక్కపక్కన పెట్టినప్పుడు నాకు కళ్లు తిరిగినంత పనైంది. ఏ చదువూ లేకుండా, ఏ పరీక్షా లేకుండా ఆయన సరిగ్గా అదే చేశారు.

నిర్ధారణ అయ్యాక ఏం మారిందని చాలామంది అడిగారు. మందు లేదు. వయసు పెరిగితే పోయేది కాదు. కెనడాలో హెలీన్ పొలటైకో బృందం అభివృద్ధి చేసిన పద్ధతి ఒకటుంది. మొత్తం శరీరాన్ని బాగుచేస్తానని అది చెప్పదు. నీకు ఏ పని కావాలి, దానికి ఏ దారి, చేసి చూడు, ఎక్కడ తప్పిందో నువ్వే చూసుకో అంటుంది. నేను మూడు పనులు ఎంచుకున్నాను, వాటిలో పంటు ఎక్కడం ఒకటి. ఇప్పుడు రేవులో అందరినీ ముందు వెళ్లనిస్తాను. కుడి పక్కన కమ్మీ పట్టుకుంటాను. సంచి వీపుకు వేసుకుంటాను, చేతులు ఖాళీగా ఉంటాయి. కళ్లు పలక మీద పెట్టను, పంటులో అవతలి అంచు మీద పెడతాను. ఎడమకాలు ముందు. ఆ వరస లోపల చదువుకుంటూ ఎక్కుతాను. పోయిన మాఘమాసంలో తీర్థానికి వెళ్లినప్పుడు ఎవరూ "కదలమ్మా" అనలేదు. ఎక్కాక అటు చివర నిలబడి వశిష్ఠను చూశాను. అన్నేళ్లలో పంటు మీదినుంచి నేను నదిని చూడటం అదే మొదలు. అంతకుముందు ఎప్పుడూ దిగడం ఎలాగా అనే ఆలోచిస్తూ ఉండేదాన్ని.

నిర్ధారణ కాకముందు, అమ్మ కాక రెండో సాక్షి కావాలని థెరపిస్టు అడిగినప్పుడు మాస్టారికి ఫోను చేశాను. అప్పటికి ఆయనకు 84 ఏళ్లు. అంతా విన్నారు. "ఫోనులో చెప్పింది గాలికి పోతుందమ్మా, రాసి ఇస్తాను" అన్నారు. పది రోజులకు పోస్టులో ఉత్తరం వచ్చింది. పొడుగు పుస్తకం కాగితాలు, మూడు. ఆయన చెయ్యి కూడా అప్పటికి వణుకుతోంది. ఒకప్పటి ముత్యాల్లాంటి అక్షరాలు గీత దాటుతున్నాయి. నా రాత గురించి, నడక గురించి, డ్రిల్లు పీరియడులో బంతి నా మొహానికి తగిలిన రోజు గురించి కూడా రాశారు. అది నా ఫైలులో ఉంది. నాలుగో షరతు తీరడానికి అమ్మ మాట, ఆ ఉత్తరం సరిపోయాయి.

మూడో కాగితం మాత్రం ఫైలులో పెట్టలేదు. అది నాకు రాసింది. అందులో సారాంశం చెబుతాను. ఇది చెప్పడానికి వారి కుటుంబాన్ని అడిగాను, చెప్పాలనే అన్నారు.

నీకు నేను ఏదో మేలు చేశానని అనుకుంటున్నావు, దానికి ముందు ఒకటి జరిగింది, అది నువ్వు తెలుసుకోవాలి అని మొదలుపెట్టారు. 1988లో తొమ్మిదో తరగతిలో ఒక కుర్రాడుండేవాడు. మాధవాయిపాలెం నుంచి నడిచి వచ్చేవాడు. ఏం అడిగినా నోటితో చెప్పేవాడు, పలక మీద రాయమంటే గీతలు. సిరా చొక్కా నిండా, గుండీలు ఒక కన్నానికి పెట్టాల్సింది ఇంకో కన్నానికి. తెలిసి కూడా రాయడం లేదని, తల పొగరని నేను వాణ్ని బెత్తంతో అరచేతుల మీద కొట్టేవాణ్ని. రోజూ కొట్టాను. వాచిన చేతితో పిల్లవాడు ఎలా రాస్తాడని నాకు తోచలేదు. దసరా సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు. నేను అడగలేదు. ఆరేళ్ల తర్వాత నీ పేపరు దిద్దుతుంటే ఆ గీతలు మళ్లీ కనిపించాయి. అప్పుడు వాడు గుర్తొచ్చాడు. నిన్ను కొట్టకపోవడం నా మంచితనం కాదు, అది వాడు నాకు నేర్పిన పాఠం. నువ్వు చెప్పిన జబ్బు పేరు వినగానే నేను ముందు నీ గురించి అనుకోలేదు, వాడి గురించి అనుకున్నాను. నేను తిరగలేను. నీకు వీలుంటే వాడు ఎక్కడున్నాడో కనుక్కో. కనిపిస్తే ఈ కాగితం వాడికి చూపించు.

నూటికి ఐదారుగురు అన్న ఆ లెక్కను మళ్లీ తీస్తానన్నాను. మా తరగతిలో ఇద్దరు ముగ్గురిలో ఒకరిని నేను. ఆ కుర్రాడి తరగతిలో ఇద్దరు ముగ్గురిలో ఒకరు అతను. మధ్య ఏళ్లలో మిగతావాళ్లు ఎవరో, ఎక్కడ చదువు మానేశారో ఎవరూ రాసిపెట్టలేదు.

మాధవాయిపాలెం రెండుసార్లు వెళ్లాను. గల్ఫ్ వెళ్లాడని ఒకరన్నారు. అక్కడినుంచి తిరిగొచ్చి చేపల చెరువుల దగ్గర పనిచేస్తున్నాడని ఇంకొకరన్నారు. వాళ్ల ఇల్లు ఉన్న చోట ఇప్పుడు వేరే వాళ్లున్నారు. అతనికి యాభై దాటి ఉంటాయి. ఉత్తరంలో పేరుంది, ఇంటిపేరుతో సహా. అతను ఒప్పుకోకుండా దాన్ని మైకులో చదవడం సరికాదు.

1988లో ఇక్కడ తొమ్మిదో తరగతి చదివినవాళ్లు, వాళ్ల అన్నదమ్ములు ఈ హాల్లో ఎవరైనా ఉంటే సభ అయ్యాక దయచేసి కాసేపు ఆగండి. నేను వేదిక పక్కన గది దగ్గర ఉంటాను. ఆ మూడో కాగితం నా సంచీలోనే ఉంది.